పేర్లోనే కాలం పెట్టుకున్నోడు: ఎస్పెరాంటో డాక్టరు కథ

మన పక్క పల్లెల్లో సర్పంచిని ఇంకా చానామంది ప్రెసిడెంటు అనే పిలుస్తారు. ఒక్కో ఊళ్లో ఒకేసారి ముగ్గురు ప్రెసిడెంట్లు తిరగతా ఉంటారు. ఒకడు దిగిపోయినోడు, ఒకడు కుర్చీలో ఉండేవోడు, ఇంకొకడు వచ్చే ఎలక్షన్లకు ఇప్పట్నించే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవోడు. మొదటోడికి మాజీ అని తగిలిస్తాం. మూడోవోడికి కాబోయే అని తగిలిస్తాం. బళ్లో మాత్రం కాలం అనేది క్రియకే ఉంటాది, నామవాచకానికి ఉండదని నేర్చుకున్నాం. నోటితో చేసేది ఒకటి, బుక్కులో చదివింది ఒకటి.

ఈ మాజీ, కాబోయే అనే మాటల పనిని ఒక్క అచ్చుతో చేసే భాషను ఒక కంటి డాక్టరు తయారు చేసినాడు. ఆ భాష పేరు ఎస్పెరాంటో. ఆయన పేరు లుడ్విక్ లాజరస్ జామెన్‌హోఫ్. చనిపోయి నూరేండ్లు దాటింది. ఉదయగిరి, ఆత్మకూరు పిల్లకాయలకు ఆయన కథ ఇప్పుడెందుకంటే, నెల్లూరికో బెంగుళూరికో ఇంటర్వ్యూకి పోయి, నోట్లోంచి ఉండాది అనే మాట యాడ జారుద్దో అని భయపడేవోళ్లు మనలో చానామంది ఉండారు గాబట్టి. ఆయన పుట్టిన ఇంటి భాషను గూడా జనం అట్టానే చిన్నచూపు చూసినారు.

జామెన్‌హోఫ్ 1859 డిసెంబర్ 15న బియాలిస్టాక్ అనే ఊళ్లో పుట్టినాడు. ఇప్పుడది పోలండులో ఉండాది, అప్పుడు రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. ఆ ఊళ్లో ఎక్కువమంది యూదులు. వాళ్లు మాట్లాడేది ఇడ్డిష్. వాళ్లతోపాటు పోలిష్ వాళ్లు, రష్యన్లు, జర్మన్లు, బెలారస్ వాళ్లు. ఒకే వీధి, ఒకే సంత. గానీ ఎవరి మాట వాళ్లది, ఎవరి కోపం వాళ్లది. వీధిలో ఒకడు నోరు తెరిస్తే చాలు, వీడు మనోడా పరాయోడా అని తేలిపోయేది. ఆ తర్వాత మాటలుండవు, రాళ్లే.

మన ఉదయగిరి గూడా ఇట్టా కలిసిన ఊరే. కొండ మీద కోటను గజపతుల చేతిలోంచి కృష్ణదేవరాయలు 1514లో పట్టుకున్నాడు, తర్వాత గోల్కొండ వాళ్లొచ్చినారు, నవాబులొచ్చినారు. కొండ మీద గుళ్లూ ఉండాయి, మసీదూ ఉండాది. ఊళ్లోకి దిగితే ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు చెక్కే ఇళ్లల్లో రెండు భాషలూ ఒకే నోట్లో ఆడతా ఉంటాయి. బియాలిస్టాక్‌కు ఆ అదృష్టం పట్టలా. ఆడ ఏ రెండు భాషల మధ్యా సమానంగా నిలబడే జాగా లేదని ఆ పిల్లోడికి చిన్నప్పుడే అర్థమైంది. ఎవరో ఒకరి భాష నేర్చుకుంటే వాళ్లకు తలొంచినట్టే. అందుకే ఎవరిదీ కాని భాష ఒకటి కావాలనుకున్నాడు.

నాయన మార్కస్ భాషలు చెప్పే అయ్యవారు. ఇంట్లో రష్యన్, తల్లి వైపునించి ఇడ్డిష్, బళ్లో జర్మన్, ఫ్రెంచి, లాటిన్, గ్రీకు, గుళ్లో హీబ్రూ. 1873లో కుటుంబం వార్సాకు మారింది. పిల్లోడు హైస్కూల్లో ఉండంగానే కొత్త భాష కట్టడం మొదలుపెట్టినాడు. కట్టతా కట్టతా ఒక కాడ ఇరుక్కున్నాడు. వ్యాకరణం తగ్గించొచ్చు, గానీ డిక్షనరీ సంగతేంది? అన్ని వేల మాటలు కొత్తగా ఎవడు బట్టీ కొడతాడు?

దారి చూపింది అంగడి బోర్డులు. వీధిలో పోతా ఉంటే రష్యన్‌లో రెండు బోర్డులు కనిపించినాయి. ఒకటి కాపలావాడు ఉండే గది, ఇంకొకటి మిఠాయి అంగడి. రెండు మాటల చివరా స్కాయా అనే తోక ఒకటే. చోటును చెప్పేది ఆ తోక. మనం టీ కొట్టు, మందుల కొట్టు, చెప్పుల కొట్టు అన్నట్టే. ఒక్క తోక చేతికొస్తే ఒక్కో మాటకు పది మాటలు పుట్టించొచ్చు అని ఆ కుర్రోడికి ఆడ వెలిగింది. అప్పట్నించి ఆయన మాటలు వెతకడం తగ్గించి తోకలు వెతకడం మొదలుపెట్టినాడు.

ఆయన భాషలో ఆసుపత్రిని ఏమంటారో చూడండి: మల్‌సానులేయో. సాన్ అంటే ఆరోగ్యం. మల్ చేరిస్తే దానికి తిరగబడింది, అంటే జబ్బు. ఉల్ చేరిస్తే జబ్బు మనిషి. ఎయ్ చేరిస్తే ఆ మనిషి ఉండే చోటు. చివర ఓ అనేది ఇది నామవాచకం అని చెప్పే గుర్తు. ఇంట్లోకి, ఊళ్లోనించి అని ఒకదానెనక ఒకటి అతికించి మాట్లాడే మనకు ఇదేం వింత గాదు.

ఈ తోకల్లోనే కాలం గూడా ఉండాది. లెగ్ అంటే చదవడం. లెగాస్ అంటే చదవతా ఉండాడు, లెగిస్ అంటే చదివినాడు, లెగోస్ అంటే చదవతాడు. ఇది క్రియ. ఇప్పుడు అవే మూడు అచ్చుల్ని ఎత్తుకోని నామవాచకంలో పెట్టినాడు. లెగాంటో అంటే చదవతా ఉండేవోడు. లెగింటో అంటే చదివినోడు. లెగోంటో అంటే చదవబోయేవోడు. ఆ అంటే ఇప్పుడు, ఇ అంటే అయిపోయింది, ఓ అంటే రాబోయేది. ఇంటో అన్నారని మన ఇంటికి ముడిపెట్టబాకండి, అది గడిచిపోయిన కాలం గుర్తు.

ఇప్పుడు మన ప్రెసిడెంట్ల దగ్గరికి రండి. కుర్చీలో ఉండేవోడు ప్రెసిడాంటో. దిగిపోయినోడు ప్రెసిడింటో. ఎక్కబోయేవోడు ప్రెసిడోంటో. తర్వాతి రోజుల్లో ఆ భాష మాట్లాడేవోళ్లు సరదాగా ఇంకొకటి గూడా కలిపినారు, రూల్ బుక్కులో లేనిది: ప్రెసిడుంటో. అయ్యుండాల్సినోడు, గానీ కాలా. పదకొండు ఓట్లతో పోయినోళ్లకు ఈ మాట బాగా పనికొస్తాది. ప్రేమ సంగతికొస్తే అమాంటో అంటే ప్రేమిస్తా ఉండేవోడు, అమింటో అంటే ఒకప్పుడు ప్రేమించినోడు. ఒక్క అచ్చు మారితే కథంతా మారిపోతాది.

మళ్లీ మన మాట చూసుకోండి. వచ్చినోడు, వస్తా ఉండేవోడు, రాబోయేవోడు. పనిలో చూస్తే ఇంటో, ఆంటో, ఓంటో ఇవే గదా. జామెన్‌హోఫ్ ఈ పద్ధతిని రష్యన్, లాటిన్ లాంటి భాషల్లోంచి తీసుకోని, మెలికలన్నీ కోసేసి మూడు అచ్చులకు కుదించినాడు. మన అవ్వలు ఏ రూల్ బుక్కూ లేకుండానే ఆ పని రోజూ చేస్తా ఉండారు. పైగా మన దాంట్లో ఇంకా సరుకుండాది. వచ్చినోడు, వచ్చినామె, వచ్చినాయన, వచ్చినోళ్లు: కాలంతోపాటు ఆడా మగా, మర్యాద, ఎంతమంది అనేది అంతా ఒక్క మాటలో పడిపోయింది. రానోడు అని కాదనడం గూడా ఒక్క మాటే. గానీ ఒక కాడ ఆయన మనకంటే తేటగా ఉండాడు. చదివేవోడు అంటే రోజూ చదివేవోడా, రేపట్నించి చదివేవోడా? మన మాటలో రెండూ ఒకటే, సందర్భం చూసుకోవాల. ఆయన దాన్ని ఆంటో, ఓంటో అని రెండుగా చీల్చినాడు.

నామవాచకానికి కాలం కట్టిన భాషలు ఇంకా ఉండాయి. దక్షిణ అమెరికాలో పరాగ్వే జనం మాట్లాడే గ్వారనీ భాషలో ఇల్లు అనే మాటకే తోక తగిలించి ఒకప్పటి ఇల్లు అనీ, కాబోయే ఇల్లు అనీ చెప్తారు. పట్టా చేతికొచ్చి పునాది పడని ఇంటికీ, సోమశిల నీళ్ల కింద మునిగిపోయిన ఇంటికీ వాళ్ల కాడ ఒక్కో మాట సిద్ధంగా ఉండాది. ఇది పుట్టిన భాష. కట్టిన భాషల్లో జామెన్‌హోఫ్ కంటే ముందే జర్మనీలో ష్లేయర్ అనే పాదిరి 1880 ప్రాంతంలో వోలాప్యూక్ అనే భాష బయటపెట్టినాడు. దాంట్లో దెల్ అంటే రోజు. ముందర ఒక అచ్చు మారిస్తే ఈరోజు, నిన్న, మొన్న, రేపు, ఎల్లుండి అన్నీ అదే మాటలోంచి వస్తాయి. క్రియకు కాలం చెప్పే అచ్చులే రోజుకూ కట్టినాడు. యూరప్ అంతా కొన్నాళ్లు దాని కోసరం ఎగబడింది. ఆ భాషకు ఏమైందో కొస్సేపాగి చెప్తా.

జామెన్‌హోఫ్ 1878 డిసెంబర్లో తన మొదటి భాషను బడి స్నేహితులతో కలిసి పండగ చేసుకున్నాడు. అప్పటికి పంతొమ్మిదేండ్లు. నాయనకు భయం పట్టుకుంది. పిల్లోడు పిచ్చిలో పడి చదువు చెడగొట్టుకుంటాడని నోటుబుక్కులన్నీ తీసేసుకోని, మాస్కోకు డాక్టరీ చదవమని పంపించినాడు. ఆ బుక్కుల్ని తర్వాత కాల్చేసినాడని గూడా చెప్పుకుంటారు. పిల్లోడు బుర్రలో ఉండేదాన్ని మళ్లీ మొదట్నించి రాసినాడు. రెండోసారి రాసింది మొదటిదానికంటే బాగొచ్చింది.

అదే రోజుల్లో ఆయన ఇంకో పని చేసినాడు. తల్లి మాట్లాడే ఇడ్డిష్‌కు వ్యాకరణం రాసినాడు. ఆ రోజుల్లో చదువుకున్న యూదులే ఇడ్డిష్‌ను భాష అనేవాళ్లు కాదు. జార్గన్ అనేవాళ్లు, అంటే సంకర మాట, సంత మాట. జర్మన్ చెడిపోతే ఇడ్డిష్ అయిందని ఎగతాళి చేసేవాళ్లు. ఇరవై ఏండ్ల కుర్రోడు కూర్చోని ఆ సంత మాటకు రూల్స్ ఉండాయని, లెక్క ఉండాదని రాసి చూపించినాడు. ప్రపంచ భాష కట్టినోడు ఇంటి భాషను వదిలేసినోడు గాదు.

1881లో రష్యాలో యూదుల మీద మూకదాడులు మొదలైనాయి. ఆ ఏడాది డిసెంబర్లో వార్సాలో గూడా జరిగినాయి. మాస్కోనించి అప్పటికే తిరిగొచ్చి ఆడ చదువుకుంటా ఉండే జామెన్‌హోఫ్ కొన్నేండ్లు యూదులకు సొంత దేశం కావాలనే ఉద్యమంలో తిరిగినాడు. తర్వాత అది తన దారి కాదని బయటికొచ్చేసినాడు. ఒక జాతి దెబ్బలు తింటా ఉంటే ఆ జాతికొక గోడ కట్టడం కంటే, గోడలకు అవతల నిలబడే జాగా కావాలనేది ఆయన లెక్క.

1885లో డాక్టరయినాడు. మొదట పల్లెటూళ్లో మామూలు డాక్టరుగా చేసినాడు. చావులు చూసి తట్టుకోలేక కంటి వైద్యం నేర్చుకున్నాడు. భాష బుక్కు మాత్రం అచ్చు కాలా. చేతిలో డబ్బు లేదు. చివరికి క్లారా జిల్బర్నిక్ అనే అమ్మాయితో పెళ్లి కుదిరింది. పిల్లనిచ్చే మామ సబ్బుల ఫ్యాక్టరీ నడిపేవోడు. ఆ కట్నం డబ్బుతో 1887 జులై 26న చిన్న బుక్కు వచ్చింది, ఆగస్టులో పెళ్లయింది. బుక్కులో పదహారు రూల్సు, తొమ్మిది వందల చిల్లర మూల పదాలు. ఆ పెళ్లికూతురు కూర్చోని బుక్కులు కట్టలు కట్టి పోస్టులో పంపించింది.

సొంత పేరు వేసుకుంటే రోగులు వీడికి పిచ్చనుకోని రారేమో అని భయం. అందుకని మారు పేరు పెట్టుకున్నాడు: డాక్టర్ ఎస్పెరాంటో. ఆ పేరును ఇప్పుడు మీరే విడగొట్టండి. ఎస్పెర్ అంటే ఆశ పడడం. చివర ఆంటో. అంటే ఆశ పడతా ఉండేవోడు. ఎస్పెరింటో అనుంటే ఒకప్పుడు ఆశపడినోడు. ఎస్పెరోంటో అనుంటే ఎప్పుడో ఆశపడబోయేవోడు. ఆయన పెట్టుకున్నది మధ్యలోది. భాషకు ఆయన పెట్టిన పేరు అంతర్జాతీయ భాష. జనం దాన్ని వదిలేసి ఆయన మారు పేరునే భాషకు పెట్టేసినారు. అట్టా ఒక భాష పేరే కాలం గుర్తున్న నామవాచకం అయి కూర్చుంది.

ఆ బుక్కులో ఇంకో సంగతి రాసినాడు. ఈ భాష మీద తనకు ఏ హక్కూ లేదు, ఇది అందరి ఆస్తి. ఇప్పుడు వోలాప్యూక్ సంగతి. ష్లేయర్ పాదిరి తన భాష తన సొత్తు అన్నాడు, మార్పుల మీద చివరి మాట తనదే అన్నాడు. 1889కల్లా ఆయన మనుషులే ఆయనతో తగువు పడి, ఉద్యమం ముక్కలైపోయింది. జర్మనీలో న్యూరెంబర్గ్ వోలాప్యూక్ సంఘం ఏకంగా ఎస్పెరాంటోలోకి మారింది. పట్టుకోని ఉండేవోడి చేతిలోంచి జారిపోయింది, వదిలేసినోడి చేతిలో బతికింది. 1894లో కొందరు మార్పులు కావాలంటే జామెన్‌హోఫ్ పాఠకుల్నే ఓటేయమన్నాడు. ఎక్కువమంది వద్దన్నారు. ఆయన ఒప్పుకున్నాడు.

పేరొచ్చింది గానీ కూడు రాలా. ఖెర్సాన్‌లో ప్రాక్టీసు పెడితే నడవలా. గ్రోడ్నోలో నాలుగేండ్లు. తర్వాత వార్సాలో పేద యూదులుండే వీధిలో గది తీసుకోని, తక్కువ ఫీజుకు కండ్లు చూసినాడు. పగలు రోగులు, రాత్రి ఉత్తరాలు. 1895లో టాల్‌స్టాయ్ రాసింది వేసినందుకు ఎస్పెరాంటో పత్రికను రష్యాలోకి రానీకుండా సర్కారు ఆపేసింది. చందాదారులు ఎక్కువమంది రష్యాలోనే ఉండేది, పత్రిక మూతపడింది. అయినా పేరు చివర ఆంటో అట్టనే ఉండింది.

1905 ఆగస్టులో ఫ్రాన్స్‌లో బులోన్ అనే సముద్రపు ఒడ్డు ఊళ్లో మొదటి ప్రపంచ సభ పెట్టినారు. 20 దేశాలనించి 688 మంది వచ్చినారు. కాగితం మీద నేర్చుకున్న భాషలో, ఎప్పుడూ ముఖం చూడనోళ్లు, అనువాదకుడు లేకుండా మాట్లాడుకున్నారు. అంత సంతోషంలోనూ ఒక ముల్లు ఉండింది. ఆయన యూదుడనే సంగతి పెద్దగా బయట పడకుండా చూడాలని సభ పెట్టినోళ్లే తంటాలు పడినారు.

మరుసటేడు 1906 జూన్‌లో ఆయన పుట్టిన బియాలిస్టాక్‌లోనే ఊచకోత జరిగింది. 80 మందికి పైగా యూదుల్ని చంపేసినారు. చిన్నప్పుడు తిరిగిన వీధులవి. రెండు నెలలకు జెనీవాలో రెండో సభ. ఎస్పెరాంటో ఉత్త వ్యాపారానికి పనికొచ్చే సాధనం, దాంట్లో రాజకీయాలు వద్దనేవోళ్లు ముందు వరసలో ఉండారు. జామెన్‌హోఫ్ లేచి తన ఊళ్లో జరిగిందాన్ని సభలో చెప్పినాడు. మనుషుల మధ్య గోడలు పడగొట్టే పని చేయకపోతే ఈ భాష తనకు అక్కర్లేదనేది ఆ రోజు అందరికీ అర్థమైంది.

1907, 1908లో చీలిక వచ్చింది. ఇంకా బాగు చేస్తామని కొందరు ఇడో అనే భాష తీసుకోని పక్కకు పోయినారు, చదువుకున్న పెద్దలు చానామంది వాళ్లతో పోయినారు. మామూలు జనం ఎక్కువగా ఈయనతోనే ఉండిపోయినారు. విచిత్రం ఏందంటే ఇడోలో గూడా ఆ ఆంటో, ఇంటో, ఓంటో అట్టానే ఉండాయి. 1912లో క్రాకోవ్ సభలో ఆయన నాయకత్వం గూడా వదిలేసినాడు. తానే చేసిన భాషలో తానే ప్రెసిడింటో అయినాడు.

1914 ఆగస్టులో పారిస్‌లో పదో సభ. 3,700 మందికి పైగా పేర్లిచ్చినారు. ఆయన, క్లారా బయల్దేరి జర్మనీలో కొలోన్ దాకా పోయినారు. అంతలో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. రైళ్లు ఆగిపోయినాయి. చుట్టూ తిరిగి నానా తిప్పలు పడి ఇల్లు చేరినారు. గుండె జబ్బు ముదిరింది. 1917 ఏప్రిల్ 14న, జర్మన్ సైన్యం చేతిలో ఉండే వార్సాలో, 57 ఏండ్లకే పోయినాడు.

బిడ్డల కథ ఇంకా కష్టం. హిట్లర్ తన బుక్కులోనే ఎస్పెరాంటోను యూదుల కుట్ర అని రాసుకున్నాడు. కొడుకు ఆడమ్ గూడా కంటి డాక్టరే, 1940లో నాజీలు కాల్చేసినారు. కూతుళ్లు జోఫియా, లిడియా 1942లో ట్రెబ్లింకా చావు శిబిరంలో పోయినారు. అవతల రష్యాలో 1937 ప్రాంతంలో స్టాలిన్ సర్కారు గూడా ఎస్పెరాంటో వాళ్లను జైళ్లలో వేసింది, చంపింది. ఒకడికి యూదుల భాషగా, ఇంకొకడికి గూఢచారుల భాషగా కనబడిందది.

అన్నీ పొగడబళ్లేదు. ఎవరిదీ కాని భాష అన్నాడు గానీ, మూల పదాలన్నీ దాదాపు యూరప్ భాషలవే. తెలుగోడికి, చైనావోడికి దాంట్లో ఇంటి మాట ఒక్కటీ దొరకదు. ఆయన కలలోని సమానమైన జాగా మనకు కాస్త దూరంగానే ఉండాది. ప్రపంచమంతా దాన్ని మాట్లాడే రోజూ రాలా, ఆ కుర్చీలో ఇంగ్లీషు కూర్చుంది. అయినా భాష చావలా. ఈ రోజుకీ ఎస్పెరాంటో వికీపీడియాలో 3 లక్షలకు పైగా వ్యాసాలుండాయి, అన్ని కోట్లమంది మాట్లాడే మన తెలుగు వికీపీడియాలో కంటే ఎక్కువ. ఏ దేశమూ, ఏ సైన్యమూ, ఏ ఉద్యోగమూ వెనకాల లేకుండా రాసుకున్నవి అవి. ఈ లెక్క చూసి మనం కొంచెం సిగ్గుపడితే తప్పులేదు.

మనకు ఈయన కాడ పనికొచ్చేది కొత్త భాష కంటే ఆ ఇరవై ఏండ్లప్పటి నోటుబుక్కు. తల్లి మాటను సంత మాట అంటా ఉంటే, దాని రూల్స్ రాసిపెట్టినాడు. మన ఉండాది, వస్తా ఉండాడు, పోయినోడు, రానోడు అనే మాటల్లో గూడా రూలుండాది, ఎవడూ కూర్చోని రాయలా అంతే. వింజమూరులో ఒక రకంగా, అనంతసాగరంలో ఒక రకంగా పలికితే ఆ తేడాకు గూడా లెక్కుంటాది. చేతిలో ఫోనుండాది, తెలుగు కీబోర్డుండాది. ఈ పండక్కి ఇంటికి పోయినప్పుడు అవ్వ కాడ కూర్చోండి. ఒకే పని ఎత్తుకోని, అది చేసినోడిని ఏమంటాది, చేస్తా ఉండేవోడిని ఏమంటాది, చేయబోయేవోడిని ఏమంటాది, చేయనోడిని ఏమంటాది, అడిగి రాసుకోండి. పక్కూరి స్నేహితుడి చేత, ఇంట్లో ఉర్దూ మాట్లాడే స్నేహితుడి చేత గూడా రాయించండి. అన్నీ ఒక కాడ పెడితే, ఇంటర్వ్యూలో జారుద్దేమో అని మీరు భయపడే మాటకు ఎంత పెద్ద వ్యాకరణం ఉండాదో మీకే కనబడతాది.